238 ఏది, 365 ఏది

1988 అక్టోబరులో లిపొవెత్స్ రైలు డిపోలో బొహుమీర్ ష్టెర్బాకి ఒక అన్యాయం జరిగింది. చేసింది డ్రహొమీరా కొసినొవా. అందుకోసం ఆమె గొంతు పెంచలేదు, ఎవరి మీదా కక్ష కట్టలేదు. టైపు చేసి ముందు పెట్టిన కాగితం కింద సంతకం పెట్టింది, అంతే. ఆ కాగితంలో ఉన్నది ఒకటే వాక్యం: "ఏప్రిల్ పదకొండో తేదీ సోమవారం పొద్దున, రంగుల గదిలో రెండు బండ్లూ పట్టాలు మారిన సంగతి నేను పెయింటరు ష్టెర్బాకి నోటిమాటగా తెలియజేశాను."

తెలియజేసిందా? అదే ఆమెకు తెలియదు. అప్పుడూ తెలియదు, ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళ పాటూ తెలియలేదు.

ఆ ఏడాది దేశంలో ఉన్న ప్రతి ఇంజనుకీ, ప్రతి మోటారు బండికీ కొత్త నంబరు వేయాలని పైనుంచి, అంటే ప్రాగ్ నుంచి, హుకుం వచ్చింది. పాత నంబర్లలో అక్షరాలూ చుక్కలూ ఉండేవి; కంప్యూటరుకి అవి మింగుడుపడవన్నారు. ఆరు అంకెలు, చిన్న గీత, తర్వాత ఇంకో అంకె. ఆ చివరి అంకె లెక్క కట్టి తేల్చాలి, ముందున్న అంకెల్లో తప్పు దొర్లితే పట్టుకోవడానికి. అంకెల్లో తప్పును అది పట్టుకుంటుంది. బండే తప్పయితే పట్టుకోలేదు.

లిపొవెత్స్‌లో అప్పటికి ముప్పై నాలుగు చిన్న ఎర్ర డీజిలు బండ్లు ఉండేవి. బస్సంత పొడవు, రెండే ఇరుసులు, చుట్టూ అద్దాలు. మొక్కలు పెంచే గాజుగది అనేవారు వాటిని జనం, జూలై ఎండల్లో లోపల టమాటాలు వేస్తే కాస్తాయని. వాటిని రెండేసి చొప్పున రంగుల గదిలోకి తోసేవారు. పాత రంగు గీకేసేవారు, దాంతో నంబరూ పోయేది. ఫ్యాక్టరీ వాళ్ళు బిగించిన బిళ్ళలు ఊడదీసి డబ్బాలో పడేసేవారు. ఏ బండి ఏదో ముందు అద్దం మీద సుద్దతో రాసేవారు. ఆఫీసు నుంచి జాబితా వచ్చేది: మొదటి పట్టా మీదిది 238, రెండో పట్టా మీదిది 365 (డిపోలో బండిని ఆఖరి మూడంకెలతోనే పిలిచేవారు). దాన్ని చూసి పెయింటరు కొత్త నంబరు వేసి, బిళ్ళ బిగించేవాడు.

రికార్డుల గుమాస్తా డ్రహొమీరా ఆ జాబితాను శుక్రవారం టైపు చేసింది. సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర కొట్టింది. శనివారం రంగుల గది తలుపు సగంలో ఇరుక్కుపోయింది. దాన్ని బాగుచెయ్యాలంటే రెండు బండ్లనూ బయటికి లాగాలి. బండ్లను అటూ ఇటూ తోసే షంటింగ్ వాళ్ళు లాగారు. తిరిగి లోపలికి తోసేటప్పుడు ఏది దగ్గరుంటే దాన్ని ముందు తోశారు. బయట ఉన్నంతసేపూ వాన కురిసింది, అద్దాల మీది సుద్ద కరిగిపోయింది. సోమవారం పొద్దున షంటింగ్ మనిషి ఒకడు ఆఫీసు కిటికీలోంచి తల పెట్టి, "అక్కా, రంగుల గదిలో అటుది ఇటయింది, పెయింటరాయనకో మాట చెప్పు" అని పోయాడు. ఆ మాట డ్రహొమీరా స్పష్టంగా విన్నది. అక్కడి నుంచే జ్ఞాపకం మసక.

ఫోను ఎత్తినట్టు గుర్తు. టర్పెంటైన్ వాసన గుర్తు, అంటే తనే నడిచి వెళ్ళినట్టు. కానీ ఆ వాసన ఏ సోమవారానిదైనా కావచ్చు. రోజుకి నలభైసార్లు ఎత్తే ఫోను ఆ రోజు ఎవరి కోసం ఎత్తిందో ఎలా తెలుస్తుంది?

సోమవారం మధ్యాహ్నానికి ష్టెర్బా జాబితాలో ఉన్నట్టే నంబర్లు వేసేశాడు. అలా 238 కాస్తా 365 అయింది, 365 కాస్తా 238.

అసలు 238కి వెనక ఇరుసు మీద అనుమానం ఉండేది. జూన్‌లోగా పరీక్షకి పంపాలని కాగితం ఉంది. జూన్‌లో 238ని పంపారు, అంటే దాని పేరు పెట్టుకున్న ఇంకో బండిని. వర్క్‌షాపు వాళ్ళు ఇరుసు శుభ్రంగా ఉందని మెచ్చుకుని వెనక్కి పంపారు. అనుమానమున్న ఇరుసు మాత్రం 365 అన్న పేరుతో వేసవంతా తిరిగింది. అక్టోబరు మొదటి వారంలో హబ్రొవా స్టేషనులోకి వస్తూ విరిగింది. బండి మెల్లగా వస్తోంది కాబట్టి పక్కకు ఒరిగి ఆగింది. లోపల పంతొమ్మిది మంది. ఒకావిడకి చెయ్యి విరిగింది.

డిపో అధికారి మాచల్ డ్రహొమీరాను పిలిచాడు.

"కామ్రేడ్ కొసినొవా, షంటింగ్ వాళ్ళు మీకు చెప్పామంటున్నారు."

"చెప్పారు."

"మీరు ష్టెర్బాకి చెప్పారు."

"చెప్పే ఉంటాను."

"ఉంటాను అని కాగితంలో రాయలేం కదా. చెప్పారు."

మాచల్ కిటికీ వైపు తిరిగి, "మీ అమ్మాయి వచ్చే ఏడాదే కదూ పెద్ద బడికి దరఖాస్తు పెట్టేది? దాని మీద డిపో అభిప్రాయం కూడా అడుగుతారు. తెలివైన పిల్ల అని విన్నాను" అన్నాడు. అంత మర్యాదగా ఆయన ఆమెతో అంతకుముందెప్పుడూ మాట్లాడలేదు.

ఆమె సంతకం పెట్టింది. మర్నాడు విచారణ కమిషన్ ముందు ష్టెర్బాకి ఆ కాగితం చదివి వినిపించారు. కొసినొవా మీకు చెప్పిందా అని అడిగారు. "అవును, చెప్పారు. మర్చిపోయాను" అన్నాడట. అతన్ని రంగుల గది నుంచి తీసేసి బండ్లు కడిగే గట్టు మీద వేశారు. నలభై ఏడేళ్ళ మనిషి, జిల్లాలో అంత తిన్నగా అంకె వేసేవాడు ఇంకొకడు లేడు, రబ్బరు బూట్లు వేసుకుని చీపురుకట్ట పట్టుకున్నాడు.

చెప్పారు అన్నాడంటే, నిజంగా చెప్పానేమో. డ్రహొమీరా దీన్ని ఎన్ని రకాలుగా తిప్పి చూసిందో లెక్కలేదు. చెప్పకపోతే అతనెందుకు ఒప్పుకుంటాడు? చెప్పి ఉంటే తనకెందుకు గుర్తు లేదు? ఏడాదికోసారి ఆ సోమవారం ఆమె తలలో కొత్తగా తయారయ్యేది. ఒక ఏడాది ఫోను చేసేది. ఇంకో ఏడాది తనే వెళ్ళేది, తలుపు దగ్గర నిలబడేది, అతను నిచ్చెన మీద నుంచి తల ఊపేవాడు. ఆ తల ఊపడం మరీ అందంగా కుదిరేసరికి ఆమెకే నమ్మకం పోయేది.

బొహుమీర్ ష్టెర్బా యుద్ధం మధ్యలో పుట్టాడు. పదిహేనో ఏట లిపొవెత్స్‌లో బోర్డులు రాసే దుకాణంలో పనికి కుదిరాడు. అప్పటికి దుకాణాలన్నీ ప్రభుత్వానివే కాబట్టి బోర్డుల మీద రొట్టెలు, మాంసం, పాలు అని తప్ప ఎవరి పేర్లూ ఉండేవి కావు. మిగిలిన రోజులు మే డే నినాదాలు. ఎర్ర గుడ్డ మీద తెల్ల అక్షరాలు, గజం ఎత్తు. అవి రాసి రాసి విసుగెత్తి 1962లో డిపోలో చేరాడు. ఆవిరి ఇంజన్లు వెళ్ళిపోతున్న రోజులు. కుట్టుమిషనులా టకటకలాడే డీజిలు బండ్లు కొండ లైన్ల మీదికి వస్తున్నాయి. పెద్ద లైను మీద స్తంభాలు పాతి తీగలు లాగుతున్నారు. ఎడమ చేతిలో కర్ర పట్టుకుని, దాని మీద కుడి చెయ్యి ఆన్చి, ఊపిరి బిగబట్టి అంకె వేసేవాడు. ఎనిమిది అంకెను రెండు సున్నాలుగా కాదు, ఒక్క ఊపులో వేసేవాడు. తోటివాళ్ళు ముద్దుపేరుతో పిలిచి, "బొహౌషూ, చుక్క దగ్గరైనా ఊపిరి తీసుకో, చచ్చిపోతావు" అని ఏడిపించేవారు.

1968 ఆగస్టులో పరాయి ట్యాంకులు వచ్చినప్పుడు ఊళ్ళలో జనం దారి చెప్పే బోర్డులన్నీ చెరిపేశారు, వచ్చినవాళ్ళు దారి తప్పాలని. ష్టెర్బా ఒక బకెట్టు బూడిదరంగు తీసుకుని సైకిలెక్కి హబ్రొవా దాకా పదకొండు స్టేషన్ల పేర్లు మూసేశాడు. సైనికులు రైలెక్కనే లేదు. తప్పిపోయింది మాత్రం రోజూ వెళ్ళే జనమే. ఒక ముసలమ్మ దిగాల్సిన ఊరు దాటిపోయి, హబ్రొవాలో దిగి, స్టేషను మాస్టరును బండబూతులు తిట్టింది. రెండేళ్ళ తర్వాత విచారణ పెట్టారు. "నీకెవరు చెప్పారు ఇది?" "ఎవరూ చెప్పలేదు." "అంటే సొంత బుర్రతో చేశావు." "అవును." "ఇకమీదట నీ బుర్ర ఇంట్లో పెట్టి రా. కాగితంలో ఏముంటే అది రాయి." పదకొండు పేర్లూ తిరిగి అతని చేతే రాయించారు.

ఆ తర్వాత ష్టెర్బా కాగితం లేనిదే కుంచె ముట్టుకోలేదు. క్యాంటీను వంటావిడ "ఇవాళ సూపు లేదు" అని పలక మీద రాయమన్నా, "రాసివ్వండి, సంతకంతో" అనేవాడు. అందరూ నవ్వేవారు. అది వేళాకోళమో, భయమో, పంతమో ఎవరికీ అంతుపట్టలేదు.

1989లో కమ్యూనిస్టు ప్రభుత్వం పడిపోయి అంతా తారుమారైంది. మాచల్ వెళ్ళిపోయి, గుమ్మాలూ కిటికీలూ అమ్మే దుకాణం పెట్టాడు. పాత అన్యాయాలకు పరిహారం కోరేవాళ్ళు దరఖాస్తు పెట్టుకోమని డిపో గోడకి నోటీసు అంటించారు. డ్రహొమీరా రోజూ దాని ముందు నుంచి నడిచేది. ష్టెర్బా దరఖాస్తు పెడతాడు, తనను పిలుస్తారు, అప్పుడు నిజం చెప్పాలి. ఏ నిజం? నాకు తెలియదు అంటే నవ్వరూ? తనంతట తనే వెళ్ళి చెబుదామని రెండుసార్లు కోటు వేసుకుంది. రెండుసార్లూ తీసి తగిలించింది. ష్టెర్బా దరఖాస్తు పెట్టలేదు. గడువు అయిపోయింది, నోటీసు మీద గాలిపటాల పోటీ నోటీసు అంటించారు.

ఇద్దరిదీ ఒకే లైను. ఆమె హబ్రొవాలో ఎక్కేది, అతను దాని తర్వాతి స్టేషనులో. పొద్దున ఆరూ పన్నెండు బండి. అతను ఎక్కి, టోపీ తీసి, "నమస్కారం కొసినొవా గారూ" అని ఎదురు సీట్లో కూర్చునేవాడు. ఆ సీట్లోనే ఎందుకు? బండంతా ఖాళీగా ఉన్నా అదే సీటు. వాతావరణం, ద్రాక్ష తీగకు పట్టిన తెగులు, ఆలస్యంగా వచ్చే బండ్లు. ఆ సోమవారం గురించి ఒక్క మాట లేదు. ప్రతి సెప్టెంబరులో, ఎండబెట్టిన అడవి పుట్టగొడుగులు కాగితం సంచిలో తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టేవాడు.

మొదటి ఏడాది ఆమె వాటిని వండి, భర్తకు వడ్డించి, గంటసేపు చూసి, ఆ తర్వాత తను తిన్నది. ఆయన రెండోసారి వడ్డించుకుని, "చూస్తావేం, నాకు కొమ్ములొచ్చాయా?" అన్నాడు.

"బాగున్నాయా?"

"బాగున్నాయి. ఎవరిచ్చారు?"

"డిపోలో ఒకాయన."

"నువ్వంటే ఇష్టమా ఏంటి?"

"కాదు" అంది. మరేంటి? క్షమించాడా? ఎగతాళి చేస్తున్నాడా? అసలు అతనికి ఏమీ గుర్తు లేదా?

అప్పుడప్పుడు కూతురి దగ్గరికి ప్రాగ్ వెళ్ళేది, పెద్ద లైను మీద కరెంటు బండిలో. దారిలో ఒకచోట రెండు రకాల కరెంటు కలుస్తుంది. అక్కడికి రాగానే డ్రైవరు తీగను వదిలేస్తాడు. ఇంజను గొంతు ఆగిపోతుంది, బండి ఊరికే దొర్లుతుంది. పాత బండ్లు పోయి రెండంతస్తుల కొత్తవి వచ్చినా ఆ కొన్ని క్షణాలు అలాగే ఉండేవి. ఎదురుగా ఉన్నవాళ్ళు మాట్లాడుతూ మాట్లాడుతూ ఎందుకో ఆగిపోతారు. ఆ నిశ్శబ్దంలో ప్రతిసారీ ఆమెకు అదే ప్రశ్న వచ్చేది. తర్వాత బండి కొత్త తీగ అందుకునేది.

ష్టెర్బాని 1994లో మళ్ళీ కుంచె పట్టమన్నారు. పట్టాడు, కాగితం అడిగి. కొత్త కంపెనీల రంగులు, కొత్త గుర్తులు. పదేళ్ళకి అంటించే స్టిక్కర్లు వచ్చాయి, అతన్ని ఇంటికి పంపారు. ఎర్ర గాజుగదుల్లో సగాన్ని కోసి, జతకలిపి, పసుపూ ఆకుపచ్చా పూసి, కింది మెట్టు పల్లంగా చేసి రెండు పెట్టెల బండ్లుగా మార్చారు. ముసలివాళ్ళకు ఎక్కడం తేలికైంది. డ్రహొమీరా, ష్టెర్బా కూడా అప్పటికి ముసలివాళ్ళే. ఉద్యోగాలు లేకపోయినా మంగళవారం ఒకరు సంతకూ, ఒకరు డాక్టరు దగ్గరికీ అదే బండిలో వెళ్ళేవారు, ఎదురెదురు సీట్లలోనే.

2019 వేసవిలో పంటి డాక్టరు లెయోష్ కాలిష్ ఆమె ఇంటికి వచ్చాడు. లిపొవెత్స్ పాత రైళ్ళ సంఘానికి అతనే అధ్యక్షుడు. గడ్డిలో తుప్పు పడుతున్న ఒక గాజుగదిని కొని, మూడేళ్ళుగా శని ఆదివారాలు గీకి, వెల్డింగ్ చేసి, 1980 నాటి ఎర్ర రంగు వేశారు. సెప్టెంబరులో ప్రారంభోత్సవం. నంబరు ఒక్కటే మిగిలింది.

"238 అనుకుంటున్నాం, కొసినొవా గారూ. మన లైనుకి మొట్టమొదట పూలదండలతో వచ్చిన బండి. సారాకొట్లో ఫోటో ఉంది చూశారా, అదే."

"అయితే వేసుకోండి."

"కాగితాలు ఒప్పుకోవట్లేదు."

కాగితాల కథ ఆమెకు తెలుసు. ఇరుసు విరిగాక, నంబర్లు తిరిగి వేయడం కన్నా కాగితాలు మార్చడం సులువని పైవాళ్ళు తేల్చారు. ఆమె డిపోలో మార్చింది. అదే ఉత్తర్వు వర్క్‌షాపుకీ వెళ్ళింది, వాళ్ళూ మార్చి, మార్చిన కాగితాలు డిపోకి పంపారు. ఆమె సెలవులో ఉండగా ఎవరో వాటిని చూసి మళ్ళీ మార్చారు. రెండుసార్లు మారిందో మూడుసార్లు మారిందో తెలియదు. తొంభైలో బీరువాలు ఖాళీ చేసి పారేశారు. చట్రం మీద కొట్టిన గుర్తు తుప్పులో పోయింది. ఇరుసులు ఎన్నిసార్లు మారాయో. రెండిట్లో ఒక బండిని కోసి పసుపు బండి చేశారు. ఏది కోశారు, ఏది మిగిలింది?

"ష్టెర్బా గారిని అడగలేకపోయారా?"

"నంబరు ఆయన చేతే వేయించాలనే కదా మా ఆశంతా. స్టిక్కరు అంటిస్తే పాత బండికి పెట్టుడు పన్ను పెట్టినట్టే. ఆయన వచ్చి మూడు శనివారాలుగా బండి ముందు కూర్చుంటున్నాడు. కుంచె తీయడు. మా వాళ్ళు, బాబాయ్, రెండు, మూడు, ఎనిమిది, అంతేగా అంటే, అంతే అయితే నువ్వే వెయ్యి అంటాడు. మొన్న గట్టిగా అడిగితే, కొసినొవా గారి సంతకంతో జాబితా తెమ్మన్నాడు."

డ్రహొమీరా చేతిలోని కప్పు బల్ల మీద పెట్టింది.

"నా పేరే చెప్పాడా?"

"మీ పేరే. అప్పుడు ఆవిడే ఇచ్చారు, ఇప్పుడూ ఆవిడే ఇవ్వాలి అన్నాడు. ఏమైనా గొడవా మీ మధ్య?"

"నాకు తెలియదు" అంది ఆమె. అది పూర్తి నిజం.

ఏం చెయ్యాలి? 238 అని రాసిచ్చేస్తే? ఇంకో కాగితం, తనకు తెలియని సంగతి మీద ఇంకో సంతకం. తెలియదని రాసిస్తే? అప్పుడు ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి కాగితం మాటేంటి? ఆ వారమంతా ఆమె ఏ పనీ సరిగ్గా చెయ్యలేదు. టీలో ఉప్పు వేసింది. డెబ్భై దాటాక ఇంకా ఈ బరువు మోసుకుంటూ తిరగడం ఆమె వల్ల కాలేదు. చెప్పిందో లేదో తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు, అతనికి డెబ్భై ఎనిమిది. శనివారం పదకొండు గంటల బండెక్కింది.

తర్వాత ఏమైందంటే, ఆమె ఏ కాగితమూ ఇవ్వలేదు. సంఘం వాళ్ళు చేతులెత్తి ఓటు వేసుకున్నారు. 238కి ఐదు, 365కి నాలుగు. స్టిక్కరు అంటించారు. ప్రారంభోత్సవానికి బాకా మేళం వచ్చింది, కాల్చిన సాసేజీలు తొందరగా అయిపోయాయి. ఆ శనివారం తర్వాత డ్రహొమీరా, ష్టెర్బా మళ్ళీ ఎదురుపడలేదు. ఆ నవంబరులో అతను పోయాడు.

ఆమె షెడ్డుకి వెళ్ళిన ఆ శనివారం, సంఘం వాళ్ళు భోజనానికి సారాకొట్టుకి వెళ్ళారు. షెడ్డులో అతను ఒక్కడే, నంబరు లేని ఎర్ర బండి ముందు చెక్కపెట్టె మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె తింటున్నాడు. ఆమెను చూసి టోపీ తీశాడు.

"నమస్కారం కొసినొవా గారూ. ఆ డబ్బా మీద కూర్చోకండి, రంగు తడిగా ఉంది. ఇటు రండి. జాబితా తెచ్చారా?"

"లేదు. ఒకటి అడగాలని వచ్చాను."

"అడగండి."

"ఆ సోమవారం నేను మీకు చెప్పానా?"

అతను నమలడం ఆపాడు. రొట్టె ముక్కను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది మీకు."

"అడిగితే మీరేమంటారోనని."

"నాదీ అదే బాధ. మీరెప్పుడు అడుగుతారోనని."

"చెప్పానా?"

"లేదు."

ఆమె ఊహించుకున్నంత పెద్దగా ఏమీ జరగలేదు. షెడ్డు కప్పు మీద పావురం నడుస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"మరి కమిషన్ ముందు చెప్పారని ఎందుకన్నారు?"

"మీ కాగితం చదివారు. వినగానే ప్రాణం లేచొచ్చింది నాకు."

"అదేంటి?"

"ఆ బండి నాకు తెలుసు కనక. 238కి డ్రైవరు కుడి కిటికీ కింద సొట్ట. ముందు ఏడాది నేనే పూడ్చాను. సోమవారం తలుపు తీయగానే రెండో పట్టా మీద ఆ మాసిక కనపడింది. జాబితా ఏమో 238 మొదటి పట్టా మీద ఉందంటోంది."

"తెలిసే వేశారా?"

"పది నిమిషాలు నిలబడ్డాను. ఫోను గోడకే ఉంది. మీకు చేస్తే మీరు కాదనేవారు కాదు, వెంటనే జాబితా మార్చేవారు. అదీ తెలుసు. చెయ్యలేదు. కాగితంలో ఏముంటే అది రాయమన్నారుగా, రాశాను. లోపల కొంచెం నవ్వు కూడా వచ్చింది. ఇరుసు సంగతి మాత్రం నాకు తెలియదండీ. అదొక్కటి నమ్మండి."

ఆమె బండి వైపు చూసింది. ఎర్ర రంగులో ఇద్దరూ మసకగా కనిపిస్తున్నారు.

"తెలిసి చేశానని బయటపడితే నా అరవై ఎనిమిది ఫైలు తీసి పక్కన పెట్టేవారు. జైలే. చెప్పినా మర్చిపోయాడు అంటే చీపురుకట్ట. మీ అబద్ధం నన్ను కాపాడింది."

"అది అబద్ధమని నాకే తెలియదు, ష్టెర్బా గారూ."

"ఒక్కోసారి అలాగే అనిపించేది మిమ్మల్ని చూస్తే. ఇంకోసారి అంతా తెలిసే ఊరుకున్నారనిపించేది. ఎప్పుడు వెళ్ళి ఆ కాగితం వెనక్కి తీసుకుంటారోనని ఎదురు సీట్లో కూర్చుని మీ ముఖం చూసేవాణ్ణి."

"పుట్టగొడుగులు?"

"భయంతో. మొదట్లో. తర్వాత అలవాటైపోయింది."

"అయితే ఈ బండి ఏదో చెప్పండి. మాసిక చూసి చెప్పొచ్చుగా."

"ఈ బండిని తొంభై ఆరులో సరిగ్గా ఆ కిటికీ కిందే లారీ గుద్దింది. ఆ ముక్కంతా కోసి కొత్తది వేశారు. నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు నాకూ తెలియదు."

"మరి నా సంతకం ఎందుకు అడిగారు?"

"మీరు వస్తారని."

తను చేశానేమోనని ఇన్నేళ్ళూ మోసిన తప్పు ఒకటి. అది తప్పేనని ఇప్పుడు తేలింది, కానీ దాని వల్ల ఈ మనిషికి మేలు జరిగిందట. మేలు జరిగినవాడు నిర్దోషి కాడట. దీన్ని ఎటునుంచి పట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

"ఇది నిజమేనా? నా మనసు తేలికవుతుందని చెబుతున్నారా?"

"తేలికైందా?"

"లేదు."

"అయితే నిజమే అయ్యుంటుంది."

అతను లేచి, వాడని కుంచెల్ని ఒక్కొక్కటే గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఆమె కూడా లేచింది. స్టేషను దాకా కలిసి నడుద్దామా వద్దా అని ఇద్దరూ ఒక్క నిమిషం తలుపు దగ్గర ఆగారు. అతను టోపీ పెట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఎదురెదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలిసేదండీ. ఇప్పుడు నాకు తెలియడం లేదు. మూడూ నలభై బండికి మీరు వెనక పెట్టెలో ఎక్కండి, నేను ముందు పెట్టెలో ఎక్కుతాను. కొన్నాళ్ళు అలా చూద్దాం."